ఎముకల్లోనూ తేడాలేనా?



నేను సామాజిక శాస్త్రం చదువుకున్నదాన్ని, పురాతత్వవేత్తను కాను. రోడ్డు వేసేముందు నేలలో ఏముందో తవ్వి చూసి కాపాడే పని గురించి మాట్లాడమన్నప్పుడు నాకు మరియా పియర్సన్ గుర్తొచ్చింది.

1971లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, గ్లెన్‌వుడ్ దగ్గర రోడ్డు పనుల్లో ఒక పాత శ్మశానం బయటపడింది. 26 మంది తెల్లవాళ్ల అవశేషాలను మళ్లీ పూడ్చిపెట్టారు. అక్కడే దొరికిన ఆదివాసీ తల్లీబిడ్డల ఎముకలను మాత్రం పరిశోధనకని పంపేశారు. రోడ్ల శాఖలో ఇంజనీరుగా ఉన్న భర్త చెబితే యాంక్టన్ సూ తెగకు చెందిన మరియాకు ఈ సంగతి తెలిసింది. ఆమె నేరుగా గవర్నరునే నిలదీసింది. ఆ పోరాటం వల్లే 1976లో అయోవాలో సమాధుల రక్షణ చట్టం వచ్చింది. 1990లో వచ్చిన జాతీయ చట్టానికీ అది దారి వేసింది.

మరి మన దగ్గర? 2010లో సవరించిన 1958 నాటి చట్టం, కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటించిన వాటి చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలను నిషేధిస్తుంది. ఆ జాబితాకెక్కని పోచమ్మ గుడికీ, దళితవాడ శ్మశానానికీ ఆ రక్షణ లేదు. రోడ్డు వెడల్పు చేయడానికి కొలతలు వేసే రోజున వాటి తరఫున మాట్లాడేదెవరు?

తవ్వడానికి నైపుణ్యం కావాలి, నిజమే. ఏది విలువైనదో తేల్చడానికి ఆ ఊరి ఆడవాళ్లనూ అడగాలి. అదీ సర్వే రాళ్లు పాతకముందే.