సీటు ఎవరికివ్వాలి?



స్నాతకోత్సవానికి పిలిచిన పెద్దలు సాధారణంగా, ఈ రోజు పట్టా అందుకుంటున్న యువ వైద్యులైన మీరు ఇకమీదట ఏం చేయాలో చెబుతారు. నేను ఐదున్నరేళ్లు వెనక్కి వెళ్లి, అసలు మీరు ఈ గేటు లోపలికి ఎలా వచ్చారన్నది మాట్లాడతాను. మీలో కొందరు పీజీ చేసి అధ్యాపకులవుతారు. కొందరు విశ్వవిద్యాలయ పాలకమండళ్లలో, జాతీయ వైద్య కమిషన్‌లో కూర్చుంటారు. రేపు ఎవరిని లోపలికి రానివ్వాలో తేల్చేది మీరే. ఆ పని ఎలా చేయాలో మన కళాశాలల్లో ఎవరూ పాఠం చెప్పరు.

మీరు నడిచిన దారి మీకు తెలుసు. 720 మార్కుల నీట్ పరీక్ష. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. దానికోసం ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో చీకటితోనే లేచారు, వారం వారం టెస్టులు రాశారు. మొదటిసారి ర్యాంకు రానివాళ్లు లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేరి అవే పుస్తకాలు మళ్లీ మొదటి పేజీ నుంచి చదివారు. ఆ శ్రమను చిన్నబుచ్చే ఉద్దేశం నాకు లేదు.

పరీక్షనూ చిన్నబుచ్చను. దాన్ని మనం ఇంత గట్టిగా ఎందుకు పట్టుకున్నామో మీ తరం తెలుసుకోవాలి. ఒకప్పుడు సీటు డబ్బుకు దొరికేది, సిఫారసుకు దొరికేది. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1983లో చట్టం చేయాల్సి వచ్చింది. ఆ ఫీజులపై సుప్రీంకోర్టు 1993లో తీర్పిచ్చిన ఉన్నికృష్ణన్ కేసులో ప్రతివాది మన రాష్ట్ర ప్రభుత్వమే. ఇంటర్వ్యూల సంగతి తెలియాలంటే 1981 నాటి అజయ్ హాసియా తీర్పు చదవండి. శ్రీనగర్‌లోని ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల రాతపరీక్షకు 100 మార్కులు, ఇంటర్వ్యూకు 50 మార్కులు పెట్టింది. ఒక్కో అభ్యర్థితో మాట్లాడింది రెండు మూడు నిమిషాలేనన్న ఫిర్యాదు కోర్టు ముందుకొచ్చింది. రాతలో వెనకబడ్డవాళ్లు ఇంటర్వ్యూ మార్కులతో ముందుకు దూకారు. మొత్తం మార్కుల్లో మూడో వంతు ఇంటర్వ్యూకు ఇవ్వడం నిరంకుశమని, 15 శాతం మించకూడదని కోర్టు తేల్చింది. పలుకుబడి లేని ఇంటి పిల్లలకు రాతపరీక్ష ఒక రక్షణ. అందులో సంస్కరణల పేరుతో ఎవరు ఏ మార్పు తెచ్చినా ఈ రక్షణ పోకూడదు.

అయితే పరీక్ష చెప్పగలిగిందెంత? వైద్యం చదివి తట్టుకోగల తెలివి ఉందా లేదా అన్నది బాగానే చెబుతుంది. 610 మార్కులు వచ్చిన అమ్మాయి కంటే 614 వచ్చిన అబ్బాయి మంచి డాక్టరవుతాడని మాత్రం చెప్పలేదు. అది ఒక్క ప్రశ్న తేడా. ఆ ఒక్క ప్రశ్నకు వేల ర్యాంకులు దిగిపోతాయి, ప్రభుత్వ కళాశాల సీటు చేజారుతుంది, ఒక కుటుంబం అప్పుల్లో పడుతుంది. ఈ పరీక్షకు గడప దగ్గర ఆపే అర్హత ఉంది. గడప దాటినవాళ్లందరినీ ఒకటీ రెండూ మూడూ అని వరసలో నిలబెట్టే అర్హత దానికి లేదని నా అభిప్రాయం.

పైగా ఆ వరసను కూడా మనం చివరిదాకా పాటించడం లేదు. 2024లో 23 లక్షలకు పైగా పిల్లలు నీట్ రాశారు. 13 లక్షల మందికి పైగా అర్హులన్నారు. దేశంలో అప్పుడున్న ఎంబీబీఎస్ సీట్లు అటూ ఇటూగా లక్షా పదివేలు. జనరల్ కేటగిరీలో అర్హతకు గీటురాయి 50వ పర్సంటైల్. అంటే ఆ ఏడాది 720కి 162 వస్తే చాలు. ప్రభుత్వ సీట్లు, ప్రైవేటు కళాశాలల్లోని కన్వీనర్ కోటా సీట్లు అయిపోయాక ఆ కింద ఉన్న లక్షల మందిలో ఎవరు డాక్టరవుతారో నిర్ణయించేది ఏమిటి? ఫీజు. యాజమాన్య కోటా అనే బి-కేటగిరీ ఫీజు, ఎన్నారై కోటా ఫీజు కట్టగలిగినవాళ్లు వెనకనుంచి వచ్చి, మంచి ర్యాంకున్న బీద పిల్లల్ని దాటిపోతున్నారు. ప్రతిభ గురించి గట్టిగా వాదించే పెద్దమనుషులు ఈ ఒక్క చోట ఎందుకు నోరు విప్పరో నాకు అర్థం కాదు. సామాజిక రిజర్వేషన్ల మీద పెట్టే చర్చలో పదో వంతు ఈ డబ్బు కోటా మీద పెడితే మన వైద్యవిద్య ఎప్పుడో బాగుపడేది.

అయితే మార్కులకు తోడు ఇంకేం చూడాలి? మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడితే తెలిసిపోతుందని చాలామంది అనుభవజ్ఞులైన వైద్యుల నమ్మకం. ఈ నమ్మకాన్ని అనుకోకుండా పరీక్షకు పెట్టిన సంఘటన ఒకటి అమెరికాలో జరిగింది. 1979లో హ్యూస్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయ వైద్య పాఠశాల సుమారు 800 మందిని ఇంటర్వ్యూ చేసి, క్రమం నిర్ణయించి, పైవరసలో ఉన్నవాళ్ల నుంచి 150 మందిని చేర్చుకుంది. అంతా అయ్యాక ఇంకో 50 మందిని తీసుకోవాలని రాష్ట్ర శాసనసభ చెప్పింది. అప్పటికి మంచి స్థానంలో ఉన్నవాళ్లంతా వేరే చోట చేరిపోయారు. ఇంటర్వ్యూలో అట్టడుగున, 700కీ 800కీ మధ్య నిలిచినవాళ్లలోంచి ఆ 50 మందిని తెచ్చుకోవాల్సి వచ్చింది. ఈ రెండు గుంపులనూ చదువు పొడవునా గమనించి 1987లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. తరగతిలోనూ, వార్డులోనూ, ఇంటర్న్‌షిప్‌లోనూ చెప్పుకోదగ్గ తేడా ఏదీ కనబడలేదు. అంత జాగ్రత్తగా చేసిన ఇంటర్వ్యూలు ఎవరు బాగా చదువుతారో, ఎవరు బాగా వైద్యం చేస్తారో ముందే పసిగట్టలేకపోయాయి. ఆ 50 మందిని మొదట వద్దన్న అధ్యాపకులు నిజాయితీపరులే, నిపుణులే. ఒక మనిషి మీద ఒక గదిలో పుట్టే ఇష్టాయిష్టాలు అంతకంటే దూరం చూడలేవు.

కెనడాలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నం చేశారు. ఒకే గదిలో ఒకే బృందం ముందు కూర్చోబెట్టే బదులు పది చోట్ల పది చిన్న ఘట్టాలు పెట్టారు. తలుపు మీద రాసిన సందర్భం చదవడానికి రెండు నిమిషాలు, లోపల ఎనిమిది నిమిషాలు. ఒక గదిలో విమానం ఎక్కడానికి భయపడే సహోద్యోగిగా ఒక నటి కూర్చుంటుంది, ఆమెను ఒప్పించాలి. ఒక్కో గదిలో ఒక్కో పరిశీలకుడు. ఒకరి ఇష్టాయిష్టాలు పదిమందిలో పలచబడతాయి. 2004లో వాళ్లు ఈ పద్ధతిని ప్రకటించాక చాలా దేశాలు తీసుకున్నాయి. మనం 23 లక్షల మందికి దీన్ని పెట్టలేం, పెట్టకూడదు కూడా. పెట్టిన మరుసటి ఏడాది విజయవాడలోనూ హైదరాబాద్‌లోనూ దానికి కోచింగ్ సెంటర్లు తెరుచుకుంటాయి. కొన్ని ప్రభుత్వ సంస్థల్లో, ముందు ప్రయోగంగా, ఫలితాలు బయటపెడతామన్న షరతుతో చేసి చూడవచ్చు.

మన దేశంలోనే వేరే దారి నడిచిన కళాశాలలు రెండు ఉన్నాయి. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ రాతపరీక్ష తర్వాత అభ్యర్థుల్ని పిలిపించుకుని కొన్ని రోజుల పాటు పరిశీలించి ఎంపిక చేసేది. మిషన్ ఆసుపత్రుల తరఫున వచ్చినవాళ్లు చదువయ్యాక తిరిగి వెళ్లి అక్కడ పనిచేయాలి. నీట్ తప్పనిసరి అయిన 2017లో ఆ కళాశాల నూరు సీట్లలో ఒక్కటే నింపి, మిగతావి ఖాళీగా వదిలేసింది. నీట్ మైనారిటీ సంస్థలకూ వర్తిస్తుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. గాంధీ అనుచరురాలు డాక్టర్ సుశీలా నయ్యర్ 1969లో సేవాగ్రామ్‌లో స్థాపించిన కళాశాల ప్రవేశపరీక్షలో గాంధీ ఆలోచనల మీద ఒక పత్రం ఉండేది. అదీ పోయింది. కొత్త విద్యార్థుల్ని కొన్నాళ్లు ఆశ్రమంలో ఉంచడం, ఒక్కో బ్యాచ్‌కు ఒక్కో ఊరిని అప్పగించడం మాత్రం అక్కడ సాగుతున్నాయి.

ఇక నేను ఈ రోజు అడగదలచుకున్న మార్పు దగ్గరికి వస్తాను. ఎంపిక చేసేటప్పుడు ఈ పిల్ల, ఈ పిల్లాడు రేపు ఎక్కడ పనిచేస్తారు అన్న ప్రశ్న మనం అడగడం లేదు. జపాన్ అడిగింది. అక్కడ 1972లో జిచి వైద్య విశ్వవిద్యాలయం పెట్టారు. ఉన్న 47 రాష్ట్రాల నుంచీ ఏటా ఇద్దరినో ముగ్గురినో ఎంపిక చేస్తారు. ఫీజును ఆ రాష్ట్రమే అప్పుగా భరిస్తుంది. చదువయ్యాక తొమ్మిదేళ్లు సొంత రాష్ట్రంలో, అందులో పల్లెల్లోనూ దీవుల్లోనూ పనిచేస్తే ఆ అప్పు రద్దవుతుంది. అత్యధికులు గడువు పూర్తి చేస్తున్నారు. గ్రామీణ నేపథ్యమున్న విద్యార్థుల్ని చేర్చుకుంటే గ్రామాల్లో వైద్యులు నిలుస్తారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో తన సిఫార్సుల్లో రాసింది.

మన దగ్గర లోకల్ అనే మాట ఉంది. 1974 రాష్ట్రపతి ఉత్తర్వులు 85 శాతం సీట్లను స్థానికులకు కేటాయించాయి. కానీ ఆ స్థానికత ఎంత విశాలమో చూడండి. ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతమంటే శ్రీకాకుళం నుంచి ఒంగోలు దాకా. పాడేరు కొండల్లో ఆశ్రమ పాఠశాలలో చదివిన అమ్మాయి, విజయవాడ రెసిడెన్షియల్ స్కూల్లో ఆరో తరగతి నుంచి ఫౌండేషన్ కోర్సు చదివిన అబ్బాయి ఇద్దరూ ఒకే ప్రాంతపు లోకల్. తెలంగాణలో రాష్ట్రమంతా ఒకటే ప్రాంతం. పాడేరులో, ములుగులో, ఆసిఫాబాద్‌లో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. భవనాలు కట్టాం. ఆ చుట్టుపక్కల మండలాల పిల్లలు ఆ తరగతి గదుల్లో ఎందరున్నారని అడిగేవాళ్లు లేరు.

ప్రతి ప్రభుత్వ వైద్య కళాశాలలో పదో వంతు సీట్లు ఆ జిల్లాలోని ప్రభుత్వ పాఠశాలల్లో ఆరు నుంచి పది దాకా చదివిన పిల్లలకు ఉంచండి. నీట్ అర్హత తప్పనిసరి. ఇప్పుడున్న సామాజిక రిజర్వేషన్లు ఈ సీట్లలోనూ అలాగే ఉండాలి. చదువు ఖర్చంతా ప్రభుత్వానిది. బదులుగా సొంత జిల్లాలో కొన్నేళ్ల సేవ. డబ్బు కట్టి బయటపడే బాండు కాకూడదు. ఇది గాలిలో మేడ కాదు. తమిళనాడు 2020లో ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు 7.5 శాతం సీట్లు కేటాయించింది. మద్రాసు హైకోర్టు 2022లో దాన్ని సమర్థించింది.

నాణ్యత పడిపోతుందంటారు. వెనకబడిన తరగతులకు ఆంధ్రప్రదేశ్ వైద్య సీట్లలో ఇచ్చిన వాటా కూడా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1972లో నిలబడింది. ఆ తలుపులోంచి వచ్చినవాళ్లు ఎందరో మన బోధనాసుపత్రుల్లో విభాగాలు నడిపారు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థికి మొదటి ఏడాది అనాటమీ పుస్తకం కొండలా కనిపిస్తుంది. నిజమే. లండన్‌లో కింగ్స్ కాలేజీ 2001 నుంచి ఇలాంటి నేపథ్యం ఉన్న పిల్లలకు ఐదేళ్ల కోర్సును ఆరేళ్లు చేసి, మొదటి దశను నెమ్మదిగా నడిపిస్తోంది. మనమూ ఆ ఏడాది ఇవ్వవచ్చు. నేను వార్డుల్లో చూసిందొకటి చెబుతాను. రాత్రి డ్యూటీలో రోగి చనిపోతే, బయట కూర్చున్న భార్యకు ఆ మాట చెప్పడానికి తెలుగు రాక, ఇంగ్లీషు మాటల వెనక దాక్కున్న హౌస్‌సర్జన్లు ఉన్నారు. వాళ్ల ర్యాంకులు గొప్పవి. ఆమె పక్కన బల్ల మీద కూర్చుని, ఆమె యాసలోనే నిదానంగా చెప్పిన పిల్లలూ ఉన్నారు. నాణ్యత లెక్కలో ఇది కూడా చేరాలి.

గేటు దగ్గర ఎంత జాగ్రత్తగా ఏరినా కొందరి విషయంలో పొరపాటు జరుగుతుంది. అందుకే ఎంపిక ప్రవేశంతో ముగిసిపోకూడదు. 2005లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. మూడు అమెరికన్ కళాశాలల్లో చదివి, తర్వాత మెడికల్ బోర్డుల క్రమశిక్షణ చర్యకు గురైన 235 మంది వైద్యుల పాత రికార్డులు తిరగేశారు. విద్యార్థి దశలో బాధ్యతారాహిత్యం, తప్పు చెబితే దిద్దుకోకపోవడం వంటివి నమోదైనవాళ్లకు ఆ ప్రమాదం మూడింతలు. తక్కువ మార్కుల ప్రభావం దీని ముందు చిన్నది. అధ్యాపక మిత్రులారా, కేస్‌షీట్‌లో చూడని బీపీ రాసిన విద్యార్థిని చూసీ చూడనట్టు వదిలేస్తే, ఆ నష్టం రోగికే.

యువ మిత్రులారా, మిమ్మల్ని కోరేది ఇది. ఈ వేసవిలో మీ ఊరి ప్రభుత్వ పాఠశాలకు వెళ్లి తొమ్మిదో తరగతి పిల్లల ముందు నిలబడండి. మీరు ఎలా చదివారో, నీట్ దరఖాస్తు ఎప్పుడొస్తుందో, ఏ ధ్రువపత్రాలు ముందే తీయించుకోవాలో చెప్పండి. మీ ఫోన్ నంబరు బోర్డు మీద రాసి రండి. ఇంకో ఇరవై ఏళ్లకు మీరు ఎంపిక సంఘంలో కూర్చుంటారు. ఆ రోజుల్లో తెలిసినవాళ్ల నుంచి, పెద్దవాళ్ల నుంచి ఫోన్లు వస్తాయి. ఎత్తకండి.