ప్రవక్త, ప్రేమ, జ్ఞానము: హోషేయ గ్రంథము మనలను అడుగు ప్రశ్న

(శతవార్షికోత్సవముల సందర్భమున కాపరుల, సంఘ పెద్దల సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



ప్రవక్తలను గూర్చి, ప్రేమను గూర్చి, ఆత్మీయ జ్ఞానమును గూర్చి వ్రాయబడిన గ్రంథములను పరిచయము చేయవలెనని కార్యక్రమ సంఘము వారు మమ్మును కోరిరి. అట్టి గ్రంథములు అనేకములున్నవి. వాటిలో రెండింటిని క్లుప్తముగా చెప్పి, ఆ మూడు విషయములును ఒకే కుటుంబములో ఇమిడియున్న మూడవ గ్రంథమునకు మిమ్మును తీసికొనిపోవుటకు ప్రయత్నింతుము.

మొదటిది మన యౌవనస్థుల చేతులలో తరచుగా కనబడు పుస్తకము, ఖలీల్ జిబ్రాన్ వ్రాసిన "ది ప్రాఫెట్". జిబ్రాన్ 1883లో లెబనాను కొండలలోని బిషర్రీ గ్రామమున, మరోనీయ క్రైస్తవ కుటుంబమున జన్మించెను. 1895లో తల్లితో, తోబుట్టువులతో అమెరికాకు వలసపోయెను. ఈ పుస్తకము 1923లో న్యూయార్కులో ప్రచురింపబడినది. మన కాళోజీ నారాయణరావుగారు దీనిని "జీవన గీత" అను పేర తెలుగు చేసిరి. పరదేశమున పండ్రెండేండ్లు గడిపిన అల్ముస్తఫా అను జ్ఞాని, స్వదేశమునకు తీసికొనిపోవు ఓడ రాగా, వీడ్కోలు చెప్పవచ్చిన ప్రజల ప్రశ్నలకు జవాబులు చెప్పుటయే ఇందలి కథ. ఆల్మిత్ర అను స్త్రీ మొట్టమొదట అడుగునది ప్రేమను గూర్చియే.

పెండ్లి ఆరాధనలో ఈ పుస్తకము చదువవచ్చునా అని కొందరు పిల్లలు మమ్మును అడుగుచుందురు. ఆరాధనలో వాక్యమునకున్న స్థానము వాక్యమునకే ఉండవలెను. అయినను ఇంట చదువుకొనుటకు అభ్యంతరమేమియు లేదు. అందులో సౌందర్యమున్నది, ఆలోచనయున్నది. ఒక్క సంగతి మాత్రము గమనింపుడు. ఆ జ్ఞాని ప్రేమను గూర్చి చక్కగా చెప్పి ఓడ ఎక్కి వెళ్లిపోవును. అతడు చెప్పినది ఆ ఊరిలో ఎట్లు నిలిచినదో, ఎవరి ఇల్లు నిలిచెనో, ఎవరి ఇల్లు కూలెనో మనకు తెలియదు.

రెండవది యూదా పండితుడైన అబ్రహాం జాషువా హెషెల్ 1962లో ప్రచురించిన "ది ప్రాఫెట్స్". వేదాంత కళాశాలలో చదివినవారికి ఇది పరిచితమే. హెషెల్ 1907లో వార్సాలో జన్మించెను. 1940లో అమెరికా చేరెను. నాజీల కాలమున తన కుటుంబములో పలువురిని పోగొట్టుకొనెను. 1965లో సెల్మా పట్టణమున నల్లజాతి వారి ఓటు హక్కు కొరకు మార్టిన్ లూథర్ కింగుతో కలిసి నడిచెను. ప్రవక్త అనగా రాబోవు సంగతులు చెప్పువాడు మాత్రమే కాడనియు, దేవుని హృదయవేదనలో పాలు పొందినవాడనియు ఆయన బోధ. దేవుడు దుఃఖించును, కోపించును, ప్రేమించును. ప్రవక్త ఆ బాధను తన దేహమందు మోయును. ఈ మాటకు హెషెల్ మొదట చూపు నిదర్శనములలో హోషేయ ఒకడు.

ఇప్పుడు ఆ హోషేయ యొద్దకు వత్తుము. ఈయన క్రీస్తు పూర్వము 8వ శతాబ్దమున ఉత్తర ఇశ్రాయేలు రాజ్యములో ప్రవచించెను. రెండవ యరొబాము కాలమది. బయటికి సిరిసంపదలు, లోపల బయలు పూజలు, బీదల దోపిడి. కొలది కాలమునకే, క్రీ.పూ. 722 ప్రాంతమున, షోమ్రోను అష్షూరు చేతిలో కూలిపోయెను. హోషేయ భార్య గోమెరు. ఆమె నమ్మకద్రోహము చేసెను. ముగ్గురు బిడ్డలు కలిగిరి. వారి పేర్లు యెజ్రెయేలు, లోరూహామా, లోఅమ్మీ. రూహామా అను మాటకు మూలమైన ధాతువు హెబ్రీ భాషలో గర్భము అను మాటకు దగ్గర చుట్టము. తెలుగులో మనము కడుపుతీపి అందుము. ఆ ఆడపిల్లకు కడుపుతీపికి నోచుకోనిది అని పేరు! వీధిలో ఆ పేరు పిలిచినపుడెల్ల ఆ ఇంటి దుఃఖము ఊరంతటికి వినబడి యుండును.

మూడవ అధ్యాయమున హోషేయ ఒక స్త్రీని తిరిగి కొనుచున్నాడు. ఆమె పేరు అక్కడ చెప్పబడలేదు. గోమెరే అని ఎక్కువమంది వ్యాఖ్యాతల అభిప్రాయము. వెల పదిహేను తులముల వెండి, కొంత యవలు. చేతిలో చాలినంత వెండి లేక, మిగిలినది ధాన్యముతో పూర్తి చేసెనని కొందరు చెప్పుదురు. అల్ముస్తఫాకు ఓడ వచ్చెను. హోషేయకు ఏ ఓడయు రాలేదు. ఆయన అదే ఊరిలో, అదే వీధిలో, అదే ఇంటిలో నిలిచి తన మాటకు వెల చెల్లించెను.

ప్రియులారా, ఇక్కడ మనము జాగ్రత్తపడవలెను. ఈ గ్రంథమును పట్టుకొని స్త్రీలను తిట్టుట సులభము. రెండవ అధ్యాయములోని కఠినమైన మాటలు పట్టుకొని, భార్యపై చేయి చేసికొనుటకు వాక్యమే అధికారమిచ్చినదని చెప్పువారు కూడ మన మధ్య లేకపోలేదు. ఇది వాక్యమును తలక్రిందులు చేయుట. ఈ ఉపమానమందు భర్త స్థానములో ఉన్నది దేవుడొక్కడే. గోమెరు స్థానములో ఉన్నది ఇశ్రాయేలు అంతయు, అనగా రాజులు, యాజకులు, పెద్దలు. దీనిని చదువు పురుషుడు తన్ను తాను హోషేయ అనుకొనకూడదు. అతడు గోమెరు.

నాలుగవ అధ్యాయము 14వ వచనము మీ మీ ఇండ్లలో చదువుకొనుడు. కుమార్తెలు, కోడండ్రు తప్పు చేసినను వారిని నేను శిక్షింపనని దేవుడు చెప్పుచున్నాడు. ఎందుచేత? పురుషులే వేశ్యల యొద్దకు పోవుచున్నారు గనుక. స్త్రీకొక న్యాయము, పురుషునికొక న్యాయము అను త్రాసును దేవుడు అంత ప్రాచీన కాలముననే విరుగగొట్టెను.

మేమెరిగిన ఒక గ్రామ సంఘములో ఒక సహోదరి, భర్త త్రాగి కొట్టుచుండగా తాళలేక ఇల్లు విడిచిపోయినది. మూడేండ్లు పట్టణములో మరియొకనితో ఉండి, చంకబిడ్డతో పుట్టింటికి తిరిగి వచ్చినది. బిడ్డకు బాప్తిస్మము కోరినది, తనకు సంస్కారము కోరినది. కమిటీలో పెద్దలు అభ్యంతరము చెప్పిరి. "దీనిని ఒప్పుకుంటే లోకం నవ్వుతుంది గురువుగారూ" అనిరి. ఆమె మాత్రము, "అయ్యగారూ, నా పాపం నేను ఒప్పుకుంటాను. నా బిడ్డ ఏం చేసింది?" అని అడిగినది. ఆ దినములన్నిటిలో ఆ భర్త ప్రతి నెల సంస్కారము పుచ్చుకొనుచునే ఉండెను. అతని త్రాగుడు, అతని దెబ్బలు ఏ కమిటీ పుస్తకములోను ఎక్కలేదు.

మేము ఆ 14వ వచనమును పెద్దల ముందు చదివించితిమి. చాలసేపు ఎవరును మాటలాడలేదు. తుదకు బిడ్డకు బాప్తిస్మమిచ్చుటకు ఒప్పుకొనిరి. వృద్ధుడైన ఒక పెద్ద తానే ముందుకు వచ్చి జ్ఞానతండ్రిగా నిలిచెను. తల్లి సంగతి ఇంకను తేలలేదు. ఇద్దరు పెద్దలు నేటికిని ఒప్పుకొనలేదు. ఆమె ప్రతి ఆదివారము గుడి వాకిటి దగ్గర కడపటి చాప మీద కూర్చుండుచున్నది.

లోరూహామా అను పేరు పెట్టిన దేవుడే, రెండవ అధ్యాయము చివర ఆ పేరును తిప్పివేసి, ఆ బిడ్డయందు జాలిపడుదునని చెప్పెను. పదకొండవ అధ్యాయమున ఆయన భర్తగా గాక, బిడ్డను చేయిపట్టి నడక నేర్పించు తల్లిదండ్రులవలె మాటలాడుచున్నాడు. శిక్షింపవలసిన ఘడియలో ఆయన హృదయమే ఆయనకు అడ్డము తిరుగుచున్నది. తాను దేవుడను గాని మనుష్యుడను కానను మాటయే ఆయన చెప్పు కారణము. మనుష్యుడైతే పరువు చూచుకొనును. దేవునికి పోవలసిన పరువు లేదు.

ఆరవ అధ్యాయమున దేవుడు బలికంటె కనికరమును కోరుచున్నాడని ఉన్నది. మత్తయి సువార్తలో మన ప్రభువు ఈ మాటను రెండుమారులు ఎత్తి చూపెను: సుంకరులతో భోజనమునకు కూర్చున్నందుకు సణిగినవారికి ఒకసారి, ఆకలిగొన్న శిష్యులను తప్పుపట్టినవారికి ఒకసారి. రెండుచోట్లను విన్నవారు భక్తిపరులే. హెబ్రీలోని హెసెద్ అను మాటకు అప్పటికప్పుడు కలుగు జాలి అని మాత్రమే అర్థము కాదు. చేసిన నిబంధనను ఎదుటివారు మీరినను తాను మీరక నిలుచుట అని అర్థము. అదే వచనములో దేవుని గూర్చిన జ్ఞానమును కూడ ఆయన కోరుచున్నాడు. ఆ జ్ఞానము పరీక్ష వ్రాయు జ్ఞానము కాదు. భార్యాభర్తలు ఒకరినొకరు ఎరుగుటకు వాడు క్రియాపదమే దేవుని ఎరుగుటకును హెబ్రీయులు వాడిరి.

గ్రంథము కడపటి వచనము చూడుడు. అది ప్రవచనమువలె గాక సామెతల గ్రంథమువలె వినబడును. జ్ఞానియైనవాడు వీటిని వివేచించునని చెప్పి ముగించును. కాబట్టి ప్రవక్తతో మొదలై, ప్రేమ గుండ నడిచి, ఈ గ్రంథము జ్ఞానమునొద్ద ఆగుచున్నది. నిలిచి వెల చెల్లించు ప్రేమను ఎరిగినవాడే జ్ఞాని అని దీని భావము.

నూరేండ్ల పండుగలో మన గుడులకు సున్నము వేయించితిమి, శిలాఫలకములు వేయించితిమి. మంచిదే. ఒక మనవి చేసి ముగింతుము. ఈ సంవత్సరము ముగియకముందు ప్రతి పాస్టరేటు కమిటీయు తన పుస్తకములు తెరచి, సంస్కారమునుండి తొలగింపబడిన వారి పేర్లు చదువవలెను. అందులో స్త్రీలెందరు, పురుషులెందరు అని లెక్కింపవలెను. ఆ లెక్క మనకేమి చెప్పునో దేవుని సన్నిధిని ఆలోచింపవలెను. ఆ తరువాత కడపటి చాప మీద కూర్చున్నవారి యొద్దకు మనమే నడిచి వెళ్లవలెను. వారిని మన యొద్దకు రమ్మని కబురు పంపుట చాలదు. హోషేయ కబురు పంపలేదు. వెండియు ధాన్యమును చేతపట్టుకొని తానే వెళ్లెను.

అట్టి ప్రేమను, అట్టి జ్ఞానమును ప్రభువు మన సంఘములకు అనుగ్రహించును గాక. ఆమేన్.