వాగు దాటే పిల్లే నాయిక

దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి చందమామలో రాసిన సీరియళ్లను మేం ఊపిరి బిగబట్టి చదివాం. ఆ అడవులు, గుహలు మన కొండల్లోవే అనిపించేవి. చిత్రా గారి బొమ్మలైతే చెప్పక్కర్లేదు! కానీ సాహసాలు ఎక్కువగా కుర్రాళ్లవే. అడవి మనుషులు చాలాసార్లు ఉత్త గుంపు.

ఇంగ్లండులో 1865లోనే ఆలిస్ అనే చిన్నపిల్ల ఒంటరిగా కుందేలు బొరియలోకి దిగింది. గొలుగొండ, రావికమతం కొండల్లో వాగు దాటి బడికెళ్లే మన పిల్ల ఆమెకేం తీసిపోయింది?

అవ్వల దగ్గర మాట్లాడే పులుల కథలున్నాయి. ఆ అవ్వలు ఏటేటా తగ్గిపోతున్నారు. ఈ సెలవుల్లో ఒక్కొక్కరు ఒక్క కథ, అవ్వ పలికిన మాటల్లోనే రాసి తెండి. అందులో మన పిల్లను నడిపిద్దాం. పులికి భయపడాలో వద్దో ఆ పిల్లే తేల్చుకుంటుంది.