ప్రాచీన ఖడ్గముల పరీక్ష



దసరానాడు మన యిండ్లలో పూజాపీఠ మెక్కు కత్తులలో నేది ప్రాచీనము, ఏది కృత్రిమము అను విషయమును గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము కావ్యపాఠములు చెప్పినవారమేగాని కత్తి దూసినవారము కాము. అయినను పరీక్షకు తర్కము ప్రధానము గదా!

వరాహమిహిరుడు బృహత్సంహితలో ఖడ్గలక్షణమున కొక యధ్యాయమునే వ్రాసెను. ఏబది యంగుళములది యుత్తమ మట. రాజు తన ఖడ్గమును కొలువరాదనియు, దాని వెలను, పుట్టిన దేశమును చెప్పరాదనియు నతడే శాసించెను. నేటి పరీక్షకుడు మొదట నడుగునవి యా మూడే!

పిడి వేఱు, అలుగు వేఱు అని మొదట గ్రహింపవలెను. తల్వారు పిడిలో అలుగు తోకను లక్క కరగించి పోసి నిలుపుదురు. వేడిచేసిన నది యూడివచ్చును. కావున తాతల పిడికి క్రొత్త యలుగును, పాత యలుగునకు క్రొత్త పిడియు నమరుట సామాన్యము. ఫిరంగి యనగా మనకు గుండ్లు ప్రేల్చునది. ఐరోపా యలుగునకు మనదేశపు పిడి తొడిగిన కత్తికిని ఆ పేరే కలదు. జర్మనీలోని సోలింగెన్ నగరపు ముద్రలను మన కమ్మరులును అనుకరించిరి గనుక, ముద్ర చూచి మురియరాదు.

ఇక నుక్కు. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున మూసలలో కాచిన యుక్కును కొనుటకు పారసీక వర్తకులు వచ్చెడివారని 1832లో నచ్చైన వాయిసీ దొర వ్రాతవలన తెలియుచున్నది. అట్టి యుక్కున నీటియలలవంటి చారలు లోహగర్భముననే యుండును. అరిగి మాసినను నిపుణుడు ద్రావకముతో మరల తేర్చగలడు. కృత్రిమపు చారలు పైపొరనే యుండును. ఒకచోట నరిగెనా, మరల రావు. పాత త్రుప్పు నల్లనై గుంటలలో గట్టిగా పట్టియుండును. ఉప్పుతోను ద్రావకముతోను తెప్పించినది ఎఱ్ఱనై, వ్రేలికంటును. బంగారు పని అరచేయి తగులుచోట నరుగవలెను. అంతటను సమముగా మెఱసిన సంశయింపుడు.

ఇప్పుడొక యొప్పుకోలు. మా యింటి కత్తి శ్రీకృష్ణదేవరాయలు మా పూర్వులకిచ్చినదని వెనుకటి యొక మహాసభలో మేమే ఘనముగా చెప్పితిమి. అది సంచికలోను అచ్చుపడెను. ఆ యలుగుపై పారసీకాక్షరము లుండెను. మాకా లిపి రాదు. పిదప ఒక మౌల్వీగారు చదివి, అసదుల్లా యను పేరని చెప్పిరి. అసదుల్లా ఇస్ఫహాను నగరపు కమ్మరి. 1588 మొదలు 1629 వఱకు నేలిన షా అబ్బాసు కాలమువాడని ప్రసిద్ధి. రాయలవారు 1529లోనే గతించిరి. పేరు నిజమైనను కత్తి రాయలనాటిది కాదు. ఆ పేరు తరువాత చిరకాలము ఎందఱో చెక్కుకొనిరి గనుక, దొంగపేరైనచో మఱింత యర్వాచీనము. అచ్చుపడిన మా మాటను నేడు వెనుకకు తీసికొనుచున్నాము. మా తమ్ములకిది రుచింపలేదు. వయస్సులో నుండగా దానిని చింతపండుతోను ఇటుకపొడితోను తోమి చారలన్నియు చెఱిపినవారమును మేమే! పిడిచెంత నంగుళము మాత్రము మిగిలినది.

నూఱేండ్లు దాటిన కత్తిని దేశాంతరమునకు పంపుట 1972వ సంవత్సరపు పురావస్తు చట్టమున ప్రజలకు నిషిద్ధము. వెల చెప్పు బేరగాండ్రు ఆ మాట చెప్పరు.

నేడు కత్తులు తెచ్చినవారు భోజనానంతరము ప్రక్కగదికి దయచేయుదురుగాక. తోమవలదు. ఉన్నవి యున్నట్లే తెండు.