సమన్లు చేతికి వచ్చిన నాడు

(బిలాస్‌పూర్ పట్టణము, కుదుదండ్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



డ్యూటీ దిగి కొందరు, రాత్రి డ్యూటీకి పోవలసినవారు కొందరు, పిల్లలను వెంటబెట్టుకొని మరికొందరు ఈ సాయంకాలము ఇచటికి వచ్చినారు. మేము న్యాయవాదులము కాము. కాగితములు పట్టుకొని మా వద్దకు వచ్చిన సభ్యులతో పాటు కోర్టు వరండాలలో నిలిచి నేర్చుకొన్నదే చెప్పబోవుచున్నాము. ఆ కాగితములు హెచ్చుగా రెండు విధములు. ఒకటి భార్యాభర్తల వ్యాజ్యము, రెండవది అప్పు. పెక్కు ఇండ్లలో ఈ రెండును విడివిడిగా రావు. అప్పు పెరిగిన ఇంట కలహము పెరుగును. కలహము కోర్టుకెక్కిన ఇంట అప్పు ఇంకను పెరుగును. కావున రెంటిని కలిపియే చెప్పెదము.

మొదటి మాట తపాలా సోదరులకు బాగుగా తెలిసినదే. రిజిస్టరు కవరుపై కోర్టు ముద్ర చూచి, "నాకు వద్దు" అని తిప్పి పంపువారు కలరు. తీసుకొననిచో కేసు ఆగునని వారి భ్రమ. పోస్టుమాన్ "తిరస్కరించెను" అని వ్రాసిన కవరు తిరిగి చేరిన పిమ్మట, సమన్లు అందినట్లే కోర్టు ప్రకటించును. సివిల్ ప్రొసీజరు కోడులోని 5వ ఆర్డరు అట్లే చెప్పుచున్నది. ఆ తరువాత మనము లేకుండగనే విచారణ జరుగును. లోకో పైలట్ చేతికి కాషన్ ఆర్డరు ఇచ్చినపుడు చదువకుండ జేబులో పెట్టుకొనునా? సమన్లును అట్టివే.

దావాలో జవాబు దాఖలు చేయుటకు 30 రోజుల గడువు కలదు. కారణము చూపినచో కోర్టు 90 రోజుల వరకు అనుమతింపవచ్చును. ఏకపక్షముగా డిక్రీ అయినచో, దానిని రద్దు చేయుమని 30 రోజులలో అడుగవలెను. భార్యాబిడ్డల భరణపు ఉత్తరువు ఏకపక్షముగా వచ్చినచో తగిన కారణము చూపి 3 నెలలలో అడుగవచ్చును. గడువు దాటిన పిమ్మట పరుగెత్తుట చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటయే.

ఇక కుటుంబ వ్యాజ్యములు. 1984 నాటి కుటుంబ న్యాయస్థానముల చట్టము క్రింద ఈ తగవులు ప్రత్యేక కోర్టులకు వచ్చినవి. ఆ కోర్టు మొదటి విధి తీర్పు చెప్పుట కాదు, రాజీకి యత్నించుట. పక్షములలో ఒకరు కోరినను విచారణ బయటివారు లేకుండ జరుపవలెను. వకీలును పెట్టుకొనుట ఆ కోర్టులో హక్కుగా లేదు, అనుమతి కావలెను. కావున న్యాయాధికారి యెదుట మనమే నోరు విప్పవలసి యుండును. హిందీ గాని ఇంగ్లీషు గాని చక్కగా రానివారు తమకు తెలుగు దుబాసీ కావలెనని మొదటి వాయిదా నాడే విన్నవించుకొనవలెను. అర్థము కాని కాగితముపై సంతకము చేయరాదు. తీర్పు నచ్చనిచో 30 రోజులలో హైకోర్టుకు అప్పీలు చేసికొనవచ్చును. పూర్వము దానికై జబల్‌పూర్ పోవలసి వచ్చెడిది. 2000 నవంబరు 1 నుండి హైకోర్టు మన బిలాస్‌పూర్‌లోనే యున్నది.

మన తెలుగు కుటుంబములు పెక్కు రైలుతో పాటు ఇచటికి వచ్చినవి. కలహము వచ్చినపుడు ఆడపడుచు శ్రీకాకుళములోనో విజయనగరములోనో పుట్టింటికి పోవును. భరణము కొరకు ఆమె తాను నివసించు చోటనే అర్జీ పెట్టుకొనవచ్చును. విడాకుల అర్జీయు భార్య తానున్న చోటనే వేయవచ్చునని 2003లో హిందూ వివాహ చట్టమును సవరించిరి. "అది దూరపు కోర్టు, నన్నేమి చేయును" అని ఇచటి భర్త కూర్చుండరాదు.

భరణపు సెక్షను 1973 నాటి కోడులో 125గా ఉండెడిది. 2024 జూలై 1 నుండి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షను. మధ్యంతర భరణపు అర్జీని నోటీసు అందిన నాటి నుండి సాధ్యమైనంతవరకు 60 రోజులలో తేల్చవలెనని అందు కలదు. 2020లో సుప్రీంకోర్టు రజనీష్, నేహా కేసులో, ఇరుపక్షములును తమ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ దాఖలు చేయవలెననియు, భరణము అర్జీ పెట్టిన తేదీ నుండి లెక్కింపవలెననియు చెప్పినది. జీతపు చీటీ, సొసైటీ అప్పు, ముసలి తల్లిదండ్రుల ఖర్చు, అన్నియు ఆ అఫిడవిట్‌లో ఉన్నది ఉన్నట్లు వ్రాయవలెను.

ఇక అప్పు సంగతి. తోటివాడు అడిగెనని జామీను సంతకము చేయుట మనలో వాడుక. అతడు కట్టనిచో ఋణదాత నేరుగా మన వద్దకే రావచ్చును. జామీనుదారు బాధ్యత అప్పుదారు బాధ్యతతో సమానము. దావా పడిన పిమ్మట డిక్రీ, డిక్రీ పిమ్మట జీతముపై జప్తు. రైల్వే, ప్రభుత్వోద్యోగుల జీతము జప్తు చేయు పద్ధతికి సివిల్ ప్రొసీజరు కోడులో 21వ ఆర్డరు 48వ రూలు ప్రత్యేకముగా కలదు. ఉత్తరువు మన ఆఫీసుకే వచ్చును.

అయితే ఎంత జప్తు చేయవచ్చును? ఇది ప్రతి ఇల్లాలికిని తెలియవలెను. 60వ సెక్షను ప్రకారము, సాధారణ అప్పు డిక్రీలో మొదటి 1,000 రూపాయలును, మిగిలిన దానిలో మూడింట రెండు వంతులును ముట్టరాదు. లెక్కకు వచ్చు జీతము 31,000 అయినచో 21,000 ఇంటికి రావలెను, 10,000 మాత్రమే జప్తు. ఒకే డిక్రీ క్రింద మొత్తము 24 నెలలు జప్తు జరిగినచో, ఆ డిక్రీకి జీతము మరల దొరకదు. ప్రావిడెంటు ఫండు, పెన్షను, గ్రాట్యుటీ జప్తునకు లోబడవు. భరణపు డిక్రీ అయినచో లెక్క తిరుగబడును. మూడింట ఒక వంతు మాత్రమే ఉద్యోగికి రక్షణ, అనగా అదే జీతములో సుమారు 20,600 వరకు జప్తు చేయవచ్చును. వడ్డీవ్యాపారి కంటె బిడ్డ అన్నమును చట్టము ముందు చూచినది.

అప్పులు తీర్చలేనివారు దివాలా అర్జీ పెట్టుకొనవచ్చును. 2016 నాటి కొత్త దివాలా చట్టములో వ్యక్తులకు సంబంధించిన భాగమును 2019 డిసెంబరు 1 నుండి కంపెనీల అప్పులకు హామీ నిలిచినవారి వరకే అమలు చేసిరి. మన వంటి జీతగాండ్రకు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే దిక్కు. అప్పు 500 రూపాయలైనను ఉండవలెను. ఋణదాతల పేర్లు, బాకీలు, మన ఆస్తుల పట్టిక జోడించి జిల్లా కోర్టులో అర్జీ దాఖలు చేయవలెను. ఋణదాతలకు నోటీసు, మనకు ప్రమాణముపై విచారణ, పిమ్మట దివాలాదారుగా ప్రకటన. అంతట ఆస్తి కోర్టు లేక రిసీవరు వశమగును. జప్తునకు లోబడని ఆస్తి చేరదు. ఋణదాతలు కోర్టు అనుమతి లేకుండ విడిగా దావా వేయరాదు. తాకట్టుదారు హక్కు మాత్రము పోదు. కోర్టు పెట్టిన గడువులో విడుదల ఉత్తరువు కొరకు మరల అడుగవలెను. మరచినచో ప్రకటనయే రద్దగును. ఆస్తి దాచినచో జైలు. అర్జీకి ముందు రెండేండ్లలో ఇల్లు ఉత్తినే భార్య పేర వ్రాసినచో, ఆ బదిలీని కోర్టు త్రోసివేయవచ్చును.

మరి దివాలా తీసినచో భరణము తప్పునా? మా వద్దకు వచ్చిన ఒక సోదరుడు ఇదే అడిగెను. తప్పదు. ఆ చట్టపు 44వ సెక్షనులో విడుదల ఉత్తరువునకు లొంగని బాకీలు చెప్పబడినవి. అందు ప్రభుత్వపు బాకీతో పాటు భార్యాబిడ్డల భరణమును కలదు. భరణపు హక్కు ఋణదాతల హక్కు కంటె మిన్న అని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో చెప్పినది. భరణము ఎగవేసి జైలుకు పోయినను ఆ బాకీ చెల్లినట్లు కాదు.

ఇక పేద అప్పుదారుని సంగతి. చెల్లింపజాలని నిజాయితీపరుని కేవలము పేదరికము వలన సివిల్ జైలునకు పంపరాదని 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పిరి. శక్తి యుండి ఎగవేయువానికి ఆ రక్షణ లేదు.

ఉద్యోగపు నియమమొకటి మరువరాదు. రైల్వే ఉద్యోగుల 1966 నాటి ప్రవర్తన నియమావళిలోను, తపాలా వారికి వర్తించు 1964 నాటి నియమావళిలోను 17వ నియమము ఒక్కటే. అప్పు వసూలుకు గాని దివాలాకు గాని మనపై కేసు పడినచో, పూర్తి వివరములు ఆఫీసుకు వెంటనే తెలుపవలెను. దాచినచో అప్పుతో పాటు చార్జిషీటును వచ్చును.

వకీలు ఫీజునకు వెరవనక్కరలేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టము క్రింద స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి, పారిశ్రామిక కార్మికులకు ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత సహాయము కలదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టవలెను.

మేము కోరునది ఇంతే. కోర్టు కాగితము వచ్చిన సాయంకాలమే అందిన తేదీ దానిపై వ్రాసి, మీరిద్దరును కలిసి కూర్చుండి చదువుడు. తెలియనిచో మరునాడు బ్రాంచికి తెండు. భర్తపై భార్య వేసిన కేసు అయినను తెండు. ఆ ఇల్లాలు వచ్చినను ఇదే బల్ల వద్ద కూర్చుండబెట్టి ఈ మాటలే చెప్పెదము.