ఒక టేప్ రికార్డర్, నాలుగు భాషలు

నచ్చిన పాటల గురించి చెప్పమన్నారు. సంగీతం నాకు రాదు, వినడం వచ్చు.

1992లో కాశ్మీర్‌లో మా సెక్షన్‌కి ఒకటే టేప్ రికార్డర్, వంతులవారీగా వినేవాళ్ళం. సర్దార్జీవి గురుదాస్ మాన్ పాటలు, తంబీవి ఇళయరాజావి, బీహారీ తమ్ముడికి ముఖేష్ ఉంటే చాలు. నావి రెండే క్యాసెట్లు. శంకరాభరణం పెడితే తెలుగు రానివాళ్ళు కూడా తలూపేవారు, అదీ మహదేవన్ గారి గొప్ప! రెండోది ఘంటసాల భగవద్గీత. అమ్మ ట్రంకు పెట్టెలో పెట్టి పంపింది గానీ నేను వేసేవాణ్ణి కాదు. మా ఊళ్ళో ఎవరైనా పోతే మైకులో వేసేది అదే కదా. ఈ మాట సర్దార్జీతో ఒకసారి అన్నాను.

ఆ జనవరిలో నాన్న పోయారని టెలిగ్రాం వచ్చింది. సెలవు ఇచ్చారు, కానీ మంచుకి రోడ్డు బంద్. ఆ రాత్రి వంతు సర్దార్జీది. తన క్యాసెట్ పక్కన పెట్టి, నన్నడక్కుండానే నా ట్రంకులోంచి ఘంటసాలని తీసి వేశాడు. బ్యాటరీలు అయిపోయి గొంతు సాగిపోయేదాకా ఎవ్వరూ ఆపలేదు.

దారి తెరిచాక ఊరికెళ్ళి, తిరుగు ప్రయాణంలో ఢిల్లీలో గురుదాస్ మాన్ క్యాసెట్ ఒకటి కొన్నాను. ఇప్పుడు మా అబ్బాయి ఆ పాటలు ఫోన్‌లో ఎక్కించి ఇచ్చాడు. పంజాబీ నాకు ఇప్పటికీ సగమే అర్థమవుతుంది.