నవ్వొచ్చే అనుమానం, నవ్వు రాని అనుమానం

(నెలవారీ సినిమా ప్రదర్శన తరువాత కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సినిమా చూస్తూ అందరం బాగా నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. దీపాలు వెలిగాక ఒకమ్మాయి, “ఇంత సరదా సినిమా మీద మనకి చర్చేముంటుందక్కా?” అని అడిగింది. వరకట్న హత్యల మీద, మద్యం మీద, మన కేసుల మీద మాట్లాడుకునే చోట పారిస్‌లో ఒక సినిమా నటి మొగుడి గోల ఎందుకు అని ఆమె ఉద్దేశం. న్యాయమైన ప్రశ్నే. నేను ఇందాక నవ్విన చోట్లేవో ఆలోచించుకుంటూ వచ్చాను కాబట్టి ఆ చోట్ల గురించే మాట్లాడతాను.

ముందు పేరు చూద్దాం. 2001లో వచ్చిన ఈ సినిమాకి ఫ్రెంచిలో పేరు ‘మా ఫామ్ ఎ తున్ ఆక్త్రీస్’. ఆ ‘మా’ మన ‘మా’ కాదు, ‘నా’ అని అర్థం. ‘ఫామ్’ అంటే స్త్రీ అనీ అవుతుంది, భార్య అనీ అవుతుంది. మగవాడికి అలా కాదు. ‘నా మగవాడు’ అనే మాటే పెళ్లయిన భర్తకి అక్కడ మర్యాదైన మాటగా వాడరు, భర్తకి వేరే మాటుంది. స్త్రీ ముందు ‘నా’ చేరిస్తే చాలు భార్య అయిపోతుంది. మనకీ ఇలాంటిదే ఉంది. ‘ఆవిడ’ ఎవరైనా కావచ్చు, ‘మా ఆవిడ’ అంటే మాత్రం ఒక్కరే. అందుకని ఈ సినిమాని నేను ‘మా ఆవిడ యాక్టరు’ అంటాను. ఈ కథంతా ఆ ‘మా’ పడే యాతనే.

దీన్ని రాసి, దర్శకత్వం వహించి, భర్త వేషం కూడా వేసినవాడు ఈవాన్ అతాల్. భార్యగా వేసింది షార్లెట్ గెన్స్‌బూర్. నిజజీవితంలోనూ వాళ్లిద్దరూ 1991 నుంచీ కలిసి ఉంటున్నారు. పాత్రలకి కూడా తమ పేర్లే పెట్టుకున్నారు. (సినిమా తీసేనాటికి వాళ్లు చట్టప్రకారం పెళ్లి చేసుకోనేలేదు. తెర మీద మాత్రం మొగుడూ పెళ్లాలు. ఆ ‘మా’ కోసం పెళ్లి అవసరమైనట్టుంది!) ఇదే విషయం మీద ఆయన 1997లోనే ఆమెతో ఒక చిన్న సినిమా తీశాడు. అంటే ఈ అనుమానం ఆయన్ని చాలాకాలమే పట్టుకుందన్నమాట.

కథ మీరు చూసిందే. ఈవాన్ ఆటల వార్తలు రాసే విలేకరి. షార్లెట్ పేరున్న నటి. ఆమెతో బయటికెళితే జనం ఆమెనే చూస్తారు. ఎవడో పరిచయం లేనివాడు వచ్చి, “మీ ఆవిడ తెర మీద ఇంకొకడిని ముద్దుపెట్టుకుంటే నీకేమీ అనిపించదా?” అని గుచ్చి గుచ్చి అడుగుతాడు. మొదట తేలిగ్గా తీసుకున్నవాడే చివరికి చెయ్యి చేసుకుంటాడు. అక్కడి నుంచి అనుమానం మొదలు. ఆమె లండన్‌లో జాన్ అనే పేరుమోసిన నటుడితో షూటింగుకి వెళ్తుంది. ఆ వేషం వేసిన టెరెన్స్ స్టాంప్ 2025 ఆగస్టులో చనిపోయాడు. ఇక ఈవాన్ పారిస్ నుంచి లండన్‌కి రైల్లో తిరగడమే తిరగడం.

నాకు నచ్చిన విషయం ముందు చెబుతాను. ఆ అనుమానం ఆమె తప్పులోంచి పుట్టలేదు. ఇంకో మగవాడు వేసిన ప్రశ్నలోంచి పుట్టింది. మన దగ్గరికొచ్చే కేసుల్లో ఇది ఎన్నిసార్లు చూడలేదు? “మీ ఆవిడ మీటింగులకి బాగా తిరుగుతోందే” అని టీ కొట్టు దగ్గర ఒకడంటాడు. ఆ రాత్రి ఇంట్లో పంచాయితీ. మొగుడికి పెళ్లాం మీద కోపం కంటే, నలుగురు మగవాళ్ల ముందు తాను తక్కువైపోయాననే బాధ ఎక్కువ. కుటుంబ సలహా కేంద్రంలో కూర్చుని ఈ సంగతి ఆ మొగుడి చేత ఒప్పించడానికి మనం గంటలు గంటలు మాట్లాడతాం. అతాల్ దీన్ని రెండు నిమిషాల్లో చూపించాడు. ఆ మెచ్చుకోలు ఆయనకి ఇవ్వాల్సిందే.

ఇంకొకటి. ఆమె ఉద్యోగం మానదు. మానమని గట్టిగా అడిగే ధైర్యం ఆయనకి లేదు. దీన్ని మనం మామూలు విషయంగా తీసుకోకూడదు. ఫ్రాన్సులో 1804 నాటి నెపోలియన్ సివిల్ కోడ్, భర్త భార్యకి రక్షణ ఇవ్వాలి, భార్య భర్తకి విధేయంగా ఉండాలి అని రాసిపెట్టింది. విధేయత అనే మాటని 1938లో తీసేశారు గానీ, భార్య ఉద్యోగానికి అభ్యంతరం చెప్పే హక్కు మొగుడికి 1965 దాకా ఉంది. ఆ ఏడాది జులైలో వచ్చిన చట్టంతోనే పెళ్లయిన ఆడది తన ఇష్టంతో ఉద్యోగం చేసుకోవడం, సొంతంగా బ్యాంకు ఖాతా తెరవడం సాధ్యమయ్యాయి. అంటే షార్లెట్ అమ్మ తరం పెరిగి పెద్దవుతున్న రోజుల్లో కూడా ఈవాన్ లాంటి మొగుడు రైలెక్కి లండన్‌కి పోనక్కర్లేదు, కాగితం మీద కాదంటే సరిపోయేది. మనం ఇవాళ నవ్వగలుగుతున్నామంటే ఆ చట్టం మార్పించిన ఆడవాళ్ల పుణ్యమే.

ఇక నవ్వు ఆగిన చోటు.

లండన్‌లో షార్లెట్ బట్టల్లేకుండా నటించాల్సిన సన్నివేశం ఉంది. ఆమెకి ఇష్టం లేదు. నేను ఒక్కదాన్నే ఎందుకు, మీరందరూ కూడా అలాగే ఉండండి అంటుంది. దర్శకుడితో సహా యూనిట్ అంతా బట్టలు విప్పేస్తారు. సరిగ్గా అప్పుడే మన మొగుడు చెప్పాపెట్టకుండా సెట్ మీదకి వస్తాడు. హాలంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వాక అనిపించింది, ఒక పనిమనిషి, అంటే పని చేసే మనిషి, తన పని షరతుల గురించి మాట్లాడిన ఒకే ఒక్క సన్నివేశం ఇది. దాన్ని మొగుడు కంగారుపడే జోకుగా మార్చేశారు. ఆమె ఇబ్బంది ఏమిటి, ఎవరితో చెప్పుకోవాలి, వద్దంటే పని ఉంటుందా పోతుందా? ఇవన్నీ తెర మీంచి జారిపోయాయి. మిగిలింది, ‘పాపం మొగుడు’.

అదే పారిస్‌లో 1972లో విడుదలైన ‘లాస్ట్ టాంగో ఇన్ పారిస్’ షూటింగునాటికి మరియా ష్నైడర్ వయసు 19. ఒక అత్యాచార సన్నివేశంలో ఏం జరగబోతోందో ముందుగా పూర్తిగా చెప్పలేదనీ, తనని అవమానించినట్టే అనిపించిందనీ ఆమె తర్వాత చెప్పింది. ఆమె 2011లో పోయాక, 2013లో దర్శకుడు బెర్తొలుచ్చి నోటితోనే ఆ సంగతి బయటపడింది. ఫ్రెంచి సినిమా రంగంలో ఆడవాళ్ల మీద జరిగే హింస గురించి వాళ్ల పార్లమెంటు విచారణ సంఘం వేసి, 300 మందికి పైగా వాంగ్మూలాలు విని, 86 సిఫార్సులతో నివేదిక ఇచ్చింది 2025 ఏప్రిల్‌లో. అంత ఆలస్యంగా. మన సంగతి? కేరళలో హేమ కమిటీ 2019 డిసెంబరులో ఇచ్చిన నివేదిక 2024 ఆగస్టుకి గానీ బయటికి రాలేదు. అది చూసే, తెలుగు సినిమా రంగం మీద తెలంగాణ ప్రభుత్వానికి అందిన ఉపసంఘం నివేదికని కూడా బయటపెట్టమని నటి సమంత ఆ నెలలోనే బహిరంగంగా అడిగారు. తెర మీద బట్టలు విప్పడం మొగుడి పరువు సమస్య కాదు, పనిచోట హక్కుల సమస్య అని మనం అనాల్సి వస్తున్నదే, అదీ నాకు కష్టంగా ఉండేది.

ఈవాన్ చెల్లెలి కథ కూడా ఉంది. ఆమె యూదు, మొగుడు కాదు. పుట్టబోయే కొడుకుకి సున్తీ చేయించాలా వద్దా అని సినిమా పొడుగునా పోట్లాడుకుంటారు. చాలామంది దీన్ని పిట్టకథ అనుకుని వదిలేస్తారు. నాకలా అనిపించలేదు. బిడ్డ ఎవరి మతం, ఎవరి వంశం? కడుపు ఎవరిది? ఇదీ ‘మా’ తగాదాయే. కాకపోతే ఇక్కడ ఆడమనిషి కూడా గట్టిగా అరుస్తుంది. అన్న కథ కంటే నాకు ఈ చెల్లెలి పోట్లాటే నిజంగా అనిపించింది.

ఇప్పుడు అసలు మాటకి వస్తాను. ఈ సినిమా వచ్చిన రెండేళ్లకే ఇలాంటి కథే నిజంగా జరిగింది.

మరీ త్రంతిన్యాన్ పేరున్న నటి. తండ్రి జాఁ-లూయీ పెద్ద నటుడు, తల్లి నదీన్ దర్శకురాలు. 2003 వేసవిలో తల్లి తీస్తున్న ‘కొలెట్’ టెలివిజన్ చిత్రంలో నటించడానికి మరీ లిథువేనియా రాజధాని విల్నియస్‌కి వెళ్లింది. ఆమెతో కలిసి ఉంటున్న బెర్త్రాన్ కాంతా, ఊళ్లు ఊళ్లు ఊగిపోయే రాక్ గాయకుడు, తానూ వెళ్లి అక్కడే ఉన్నాడు. పోల్చి చూడండి. పరాయి ఊళ్లో షూటింగు, వెనకాలే వెళ్లిన మగవాడు, అతని అనుమానం. జులై 26 రాత్రి గొడవ మొదలైంది. మరీ మాజీ భర్త పంపిన ఒక చిన్న ఫోను సందేశం మీద. కాంతా ఆమెని కొట్టాడు. స్పృహ తప్పిన ఆమెకి వైద్య సహాయం పిలవడానికి గంటలు గంటలు పట్టింది. ఆగస్టు 1న మరీ చనిపోయింది. 41 ఏళ్లు. నలుగురు కొడుకులు.

2004 మార్చిలో విల్నియస్ కోర్టు అతనికి 8 ఏళ్ల శిక్ష వేసింది. 2007లో షరతుల మీద బయటికొచ్చాడు. శిక్ష ఎంతన్నది అలా ఉంచండి. ఆ రోజుల్లో పత్రికలు దీన్ని ఏమని రాశాయి? ప్రేమావేశపు నేరం అని. ఎక్కువ ప్రేమించాడు కాబట్టి చంపాడని! 1810 నాటి ఫ్రెంచి శిక్షా స్మృతిలో, ఇంట్లో పరాయివాడితో కనిపించిన భార్యని అక్కడికక్కడే చంపిన మొగుడి నేరం క్షమించదగినదని ఒక సెక్షన్ ఉండేది. అదే చట్టంలో, తప్పు చేసిన భార్యకి మూడు నెలల నుంచి రెండేళ్ల జైలు. మొగుడికైతే ఉంచుకున్నదాన్ని ఇంటికే తెచ్చి పెట్టుకున్నప్పుడు మాత్రమే, అదీ జరిమానా. ఇవన్నీ 1975లో పోయాయి. సెక్షన్ పోయింది గానీ ఆ మాట పత్రికల నాలుక మీద మిగిలింది. మనం వాళ్లని చూసి నవ్వక్కర్లేదు. మన 497వ సెక్షన్ పరాయివాడి భార్యతో సంబంధాన్ని ఆ భర్తకి జరిగిన నష్టంగా, భర్త అనుమతి ఉంటే నేరమే కానిదిగా చూసింది. దాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది 2018 సెప్టెంబరులో.

2017 అక్టోబరులో, అదీ మీ టూ ఉద్యమం రాజుకున్న నెలలోనే, పారిస్‌లో ఒక సాంస్కృతిక వారపత్రిక కాంతా ఫొటో ముఖచిత్రంగా వేసింది. ఆడవాళ్లు మండిపడ్డారు. ‘ఎల్’ పత్రిక జవాబుగా మరీ ఫొటో ముఖచిత్రంగా వేసింది. ఇలాంటి పని చిన్నదిగా కనిపిస్తుంది గానీ నాకు చాలా పెద్దదనిపిస్తుంది. అప్పటిదాకా కథలో అతని ‘ఆవేశమే’ ఉంది, ఆమె ముఖం లేదు.

అందుకని అతాల్ సినిమా తప్పు అంటానా? అనను. ఆ ఈవాన్ భార్య మీద చెయ్యెత్తలేదు. తనని తాను ఎగతాళి చేసుకున్నాడు. భర్త స్థానంలో కూర్చుని నవ్వుకోగల మగవాళ్లు ఎంతమంది? కాకపోతే అతని కంట్లోంచే చూశాడు. షార్లెట్ మనసు జాన్ వైపు కాస్త ఊగినప్పుడు కూడా అది ఆమె ఆలోచన కంటే అతని భయం నిజమవుతున్నట్టుగానే కనిపిస్తుంది. అతను మాత్రం నటన నేర్చుకునే క్లాసులో చేరి అక్కడి అమ్మాయి వెనకాల పడతాడు. దాన్ని సినిమా ‘పాపం ఒంటరితనం’ అన్నట్టు దాటవేస్తుంది. ఇరవై ఏళ్ల తర్వాత, 2021లో, ఇదే అతాల్ ఒక అత్యాచార ఫిర్యాదు, కోర్టు విచారణల మీద సినిమా తీశాడు. నిందితుడైన కొడుకుగా తన కొడుకు, స్త్రీవాద రచయిత్రి అయిన ఆ తల్లిగా షార్లెట్. మనిషి అక్కడే ఆగిపోలేదని చెప్పడానికి ఇది చెబుతున్నాను. ఆ సినిమా ఇంకోసారి వేసుకుందాం.

మన పనికి వస్తాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏడు కారణాలు చదివి, వీటిలో దేనికైనా మొగుడు కొట్టడం సబబేనా అని ఆడవాళ్లని అడిగారు. ఏడింటిలో ‘ఆమె శీలం మీద అనుమానం’ ఒకటి. ఏదో ఒకదానికి సబబే అన్నవాళ్లు తెలంగాణలో, ఆంధ్రలో కూడా సుమారు 84 శాతం. అడిగింది ఆడవాళ్లని. ఈ అంకె చూసిన రోజు నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

గృహహింస చట్టం కింద 2006లో వచ్చిన నియమాల్లో మొదటి ఫారం ఉంది కదా, మనలో చాలామంది నింపుతుంటాం. అందులో ‘నడవడి మీద నింద వేయడం’ మాటలతో, మనసుతో పెట్టే హింస కింద ఉంది. ఉద్యోగం చేయనీయకపోవడం ఉంది. ఇల్లు దాటనీయకపోవడం, ఫలానా మనిషిని కలవనీయకపోవడం ఉన్నాయి. మనం ఏం చేస్తాం? దెబ్బలు ఎక్కడ తగిలాయి, ఎన్ని కుట్లు పడ్డాయి అని ముందు రాస్తాం. “అనుమానమేనండీ, కొట్టడు” అని ఆమె అంటే, “అయితే పరవాలేదు, మాట్లాడి చూద్దాం” అని ఆ గడి ఖాళీగా వదిలేస్తాం. నేనూ వదిలేశాను. ఒక టీచరమ్మ రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ, “ఫోను చూస్తాడు, స్కూలు దగ్గరికి వచ్చి నిలబడతాడు, అంతే” అంది. నేను రాసుకున్నది ఒక్క ముక్క: ‘అనుమానం’. మూడోసారి ఆమె రాలేదు. వాళ్ల అక్క వచ్చి ఆమె ఆసుపత్రిలో ఉందని చెప్పింది. బతికింది, ఇప్పుడు వేరే ఊళ్లో పనిచేస్తోంది.

అందుకే ఈవాన్ చెప్పకుండా లండన్ రైలెక్కిన ప్రతిసారీ మనం నవ్వాం కదా, అతను ఆ టీచరమ్మ స్కూలు గేటు దగ్గర నిలబడినవాడిలాగే నాకు రెండోసారి చూసినప్పుడు కనిపించాడు. మొదటిసారి కనిపించలేదు.

సరే, నేను ఎక్కువే మాట్లాడాను. వచ్చే నెల నుంచి మొదటి ఫారంలో ఆ గడులు ఎవరెవరు ఎలా నింపుతున్నారో ఒకసారి కాగితాలు పెట్టుకుని చూద్దాం. ఇప్పుడు మీరు చెప్పండి. వెనక వరసలో ఇందాక అందరికంటే గట్టిగా నవ్వినమ్మాయి ఎవరో గానీ, ఎక్కడ నవ్వావో ముందు నువ్వే చెప్పమ్మా.